వార్డులో చూసిన కేసు ఫోన్లో నిలవాలంటే: మెడికల్ విద్యార్థులకు వాట్సాప్, టెలిగ్రామ్‌లలో పాఠం నడిపే పద్ధతి

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఎంబీబీఎస్ బ్యాచ్ అంటే ఓ వాట్సాప్ గ్రూపు ఉండే ఉంటుంది. అందులో సెలవు సర్క్యులర్లు, మెస్ బిల్లులు, పరీక్షల టైంటేబుళ్లు, ఎవరూ తెరవని నాలుగు వందల పేజీల పీడీఎఫ్‌లు ఉంటాయి. పాఠం మాత్రం ఉండదు. పనిలో పనిగా ఆ గ్రూపులోనే పాఠం కూడా చెప్పేద్దామంటే కుదరదు. దానికి వేరే గ్రూపు, వేరే కట్టుబాట్లు కావాలి. క్లినికల్ పోస్టింగుల్లో ఉన్న పిల్లలకు కేసు చర్చ నడపాలనుకునే అసిస్టెంట్ ప్రొఫెసర్లు, ట్యూటర్లు, పీజీలు ఈ కింది వరసలో మొదలుపెట్టొచ్చు.

ముందు పని ఏమిటో తేల్చుకోండి

ఫోన్లో బాగా జరిగే పనులు మూడే. పొద్దున వార్డులో చూసినదాన్ని రాత్రి మళ్లీ గుర్తుచేసుకునేలా చేయడం. ఈసీజీ, ఎక్స్‌రే, ల్యాబ్ రిపోర్టు చదివించడం. రౌండ్స్‌లో నోరు విప్పని పిల్లల చేత ఒక్క వాక్యమైనా రాయించడం. పొట్ట తాకి కాలేయం పట్టుకోవడం, స్టెతస్కోపుతో మర్మర్ వినడం, ఏడుస్తున్న తల్లితో మాట్లాడటం వార్డులోనే రావాలి. గంట లెక్చర్ని ముక్కలు చేసి ఫోన్లోకి ఎక్కించినా ఎవరూ వినరు.

గ్రూపులో పాల్గొనడానికీ హాజరుకీ, ఇంటర్నల్ మార్కులకీ సంబంధం లేదని మొదటి రోజే చెప్పేయండి. మార్కులు ముడిపెట్టారంటే ఒకరి జవాబు చూసి ఇంకొకరు దింపేస్తారు. ఎవరికి ఏం అర్థం కాలేదో మీకు తెలియకుండా పోతుంది. గ్రూపు పెట్టిందే అది తెలుసుకోవడానికి కదా.

వాట్సాపా, టెలిగ్రామా?

వాట్సాప్ అందరి ఫోన్లోనూ ఉంది, మెసేజీలు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తాయి, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. లోట్లు రెండు. గ్రూపులో చేరిన ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ కనబడుతుంది, ఆడపిల్లలకు ఇది నిజమైన ఇబ్బంది. పోల్ పెడితే ఎవరు ఏ జవాబు నొక్కారో అందరికీ తెలుస్తుంది. తప్పు నొక్కి నవ్వులపాలవుతామేమోనన్న బెరుకు ఉన్నవాళ్లు నొక్కడమే మానేస్తారు.

టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు. క్విజ్ పోల్‌ను పేర్లు కనబడకుండా పెట్టొచ్చు. నొక్కగానే సరైన జవాబు, దాని వివరణ వస్తాయి. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా ప్రశ్నలు రాసి, ఏ టైముకు ఏది వెళ్లాలో షెడ్యూల్ చేసి పెట్టుకోవచ్చు. అయితే టెలిగ్రామ్ గ్రూపులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. అది సీక్రెట్ చాట్‌కే, ఇద్దరి మధ్యే.

కాబట్టి క్విజ్ టెలిగ్రామ్‌లో పెట్టండి, అందులో అసలు రోగి ఫొటోలు, రిపోర్టులు వేయకండి. చర్చ వాట్సాప్‌లో నడపండి. రెండూ చూసుకునే తీరిక లేకపోతే వాట్సాప్ ఒక్కటే ఉంచుకుని, పోల్ బదులు పేరు అడగని గూగుల్ ఫారం లింకు వేయండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ వంటివి నలుగురూ చూసే చోట్లు. అక్కడ వేరేవాళ్లు పెట్టినది పిల్లల చేత చదివించండి, బాగోగులు చర్చించండి. మీ వార్డు కేసు మాత్రం అక్కడికి వెళ్లకూడదు.

గ్రూపు కట్టడం

150 మంది ఉన్న గ్రూపులో చర్చ పెట్టడమంటే శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియంలో మైకు లేకుండా కేసు ప్రెజెంట్ చేయడమే. ఇద్దరు ముగ్గురు మాట్లాడతారు, మిగతావాళ్లు నోటిఫికేషన్లు ఆపేసుకుంటారు. బ్యాచ్ మొత్తానికి అడ్మిన్లు మాత్రమే రాసే ప్రకటనల గ్రూపు ఒకటి చాలు. చర్చకు పోస్టింగు బ్యాచుల వారీగా 12 నుంచి 15 మందితో చిన్న గ్రూపులు కట్టండి. ఒక యూనిట్ ఫ్యాకల్టీ రెండు గ్రూపులకు మించి చూడలేరు.

సెట్టింగుల్లో ఇవి మార్చాలి:

1. సభ్యులను చేర్చడం, గ్రూపు పేరు మార్చడం అడ్మిన్ల చేతిలోనే ఉంచండి. కొత్తవాళ్లు రావాలంటే అడ్మిన్ అనుమతి తప్పనిసరి చేయండి. ఇన్వైట్ లింకు పంచకండి, అది వారం తిరక్కుండా జూనియర్ బ్యాచుల్లోకీ, కోచింగ్ వాళ్ల చేతుల్లోకీ పోతుంది.

2. డిసపియరింగ్ మెసేజీలు, అంటే గడువు తీరాక వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు, 90 రోజులకు పెట్టండి. 24 గంటలు, 7 రోజులు అనే మిగతా రెండు గడువులూ పాఠానికి పనికిరావు. నెల తర్వాత పునశ్చరణకు వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఏమీ మిగలదు.

3. అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చేయండి. దీంతో చాట్ ఎక్స్‌పోర్టు కాదు, ఫొటోలు వాటంతటవి ఫోన్లోకి దిగవు. స్క్రీన్‌షాట్‌ను మాత్రం ఇది ఆపలేదు. ఆ సంగతి పిల్లలకే కాదు, అడ్మిన్లకూ గుర్తుండాలి.

4. వచ్చిన ఫొటోలను ఫోన్ గ్యాలరీలో చూపించే మీడియా విజిబిలిటీని ఆఫ్ చేయించండి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్‌లో వాట్సాప్ ఇమేజెస్ ఫోల్డరు ఎంపికై ఉంటే అదీ తీసేయించండి. లేకపోతే పుండు ఫొటో పండగ ఫొటోల పక్కన చేరి, ఇంట్లో టీవీ మీద స్లైడ్‌షోలో తిరుగుతుంది. దీన్ని మెసేజీలో చెప్పి వదిలేస్తే ఎవరూ చేయరు. మొదటి క్లాసులో పది నిమిషాలు కేటాయించి, అందరినీ ఫోన్లు బయటకు తీయమని, మీ ఎదుటే మార్పించండి.

అడ్మిన్లు కనీసం ఇద్దరుండాలి, అందులో ఒకరు మేడమ్ అయితే మంచిది. మూడో అడ్మిన్‌గా హౌస్ సర్జన్‌ని పెట్టుకుంటే పిల్లలు జంకు లేకుండా అడుగుతారు. విద్యార్థికి ఫ్యాకల్టీ విడిగా మెసేజీ చేసే అలవాటు వద్దు. అడగాల్సింది గ్రూపులోనే అడగాలి, వ్యక్తిగత విషయమైతే డిపార్ట్‌మెంటుకు రావాలి. రాత్రి భోజనాలయ్యాక 8:30 నుంచి 9:15 వరకు చర్చ. ఆ తర్వాత వచ్చిన మెసేజీకి జవాబు మర్నాడే. ఈ గీత మీరే దాటితే ఇక ఎవరూ నిలబెట్టలేరు. నియమాలన్నీ ఐదు లైన్లలో రాసి పిన్ చేయండి. వాట్సాప్‌లో పిన్ గడువు గరిష్ఠంగా 30 రోజులే, నాలుగు వారాల పోస్టింగుకు అది సరిపోతుంది.

రోగిని ఎవరూ గుర్తుపట్టకూడదు

"పేరు, ఐపీ నంబరు కొట్టేశాం, ఇక ఫర్వాలేదు" అనే మాట ఇక్కడ చెల్లదు. మనవి చిన్న జిల్లాలు. గ్రూపులో ఒక టెక్కలి అబ్బాయో, బొబ్బిలి అమ్మాయో ఉండనే ఉంటారు. "కవిటి మండలం, 38 ఏళ్లు, జీడి ఫ్యాక్టరీలో పని, కవల పిల్లలు, వారానికి రెండు డయాలసిస్‌లు" అని రాస్తే పేరు లేకపోయినా ఆ ఊరివాళ్లకు ఆవిడెవరో తెలిసిపోతుంది. ఊళ్లో పెళ్లి సంబంధాల దాకా పోయే విషయమిది.

ఊరు, కచ్చితమైన వయసు, చేసే పని, కుటుంబ వివరం, ఈ నాలుగింటిలో కేసు అర్థం కావడానికి అవసరమైన ఒక్కటే ఉంచండి. లెప్టోస్పైరోసిస్ అనుకుంటే వరి పొలంలో నీళ్లలో దిగి పనిచేసిన సంగతి ఉండాలి, ఊరు అక్కర్లేదు. వయసును "నలభైల్లో ఉన్న మనిషి" అనండి. తేదీల బదులు "జ్వరం మొదలైన ఐదో రోజు" అనండి. పేపర్లో వచ్చిన ప్రమాదం, పోలీసులకు తెలపాల్సిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్) కేసు, విషం తాగిన కేసు ఎంత బాగా పాఠానికి పనికొచ్చినా గ్రూపులో వద్దు.

అన్నిటికన్నా మేలైనది కూర్చిన కేసు. ముగ్గురు నలుగురు రోగుల్లో మామూలుగా కనిపించే లక్షణాలు కలిపి ఒక కల్పిత రోగిని తయారుచేయండి. అంకెలు మీరే వేయండి, ఒకదానికొకటి పొసగేలా చూసుకోండి. క్రియాటినిన్ 4.2 రాసి, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం అంచనా) 40 రాస్తే చదివే పిల్లలు పట్టేస్తారు.

అసలు రోగి ఫొటో కావాల్సిందేనంటే ముందు అడగాలి, ఆ అడగడం రోగికి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. ఇలా అనొచ్చు: "అమ్మా, మీ చేతి మీద ఈ మచ్చ ఫొటో తీసి, డాక్టరు చదువుతున్న పిల్లలకు చూపించి నేర్పుదామనుకుంటున్నాం. మీ ముఖం, పేరు, ఊరు అందులో రావు. ఫొటో పిల్లల ఫోన్లలోకి వెళ్తుంది. ఒకసారి వెళ్లాక వెనక్కి తీసుకోవడం మా చేతుల్లో ఉండదు. ఇష్టం లేదంటే తియ్యం, మీ వైద్యం ఇలాగే జరుగుతుంది." చివరి రెండు వాక్యాలనే ఎక్కువమంది మింగేస్తారు. సంతకమో వేలిముద్రో తీసుకుని కేస్ షీటులో పెట్టండి. వేలిముద్ర అయితే సాక్షి కూడా ఉండాలి. ఇచ్ఛాపురం వైపు నుంచి ఒడియా మాట్లాడేవాళ్లు, ఏజెన్సీ నుంచి సవర మాట్లాడేవాళ్లు వస్తారు. వాళ్ల భాష తెలిసిన నర్సు గానీ ఆశా కార్యకర్త గానీ పక్కన లేకుండా తీసుకున్న అనుమతి అనుమతే కాదు. రౌండ్స్‌లో పదిమంది చుట్టూ నిలబడినప్పుడు అడగొద్దు. అప్పుడు ఎవరూ కాదనలేరు.

చట్టం సంగతి క్లుప్తంగా: రోగి ఎవరో తెలిసిపోయేలా ఫొటో గానీ కేసు వివరం గానీ అనుమతి లేకుండా ప్రచురించకూడదని 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తన నిబంధనలు చెబుతాయి. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి విషయంలో 2017 చట్టం మరింత కఠినంగా ఉంటుంది. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, బాలల విషయంలో పోక్సో చట్టం ఉంది. ఈ కేసులు కూర్చిన రూపంలో కూడా వాట్సాప్‌లోకి తేకండి. క్లాస్‌రూములో చెప్పండి.

ఫొటో తీసేటప్పుడు

ఈసీజీ కాగితాన్ని బల్ల మీద చదునుగా పరిచి, ఫ్లాష్ ఆపి, ఫోన్ని సరిగ్గా పైనుంచి పట్టుకోండి. పక్కనుంచి తీస్తే గళ్లు ఒరిగిపోతాయి, కొలతలు తప్పుతాయి. సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగం, మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్ల ప్రమాణం అని ముద్రించిన చోటు ఫ్రేములో ఉండాలి. అది కనబడకపోతే చిన్న గడి 0.04 సెకన్లన్న లెక్కకు ఆధారమే లేదు. ఎక్స్‌రేని వ్యూబాక్స్ మీద పెట్టి, గది లైటు ఆర్పి తీయండి.

పేరు మీద తెల్లకాగితం ముక్కో, ప్లాస్టరో అంటించి ఆ తర్వాతే ఫొటో తీయాలి. తీశాక ఫోన్లో గీసి కప్పేద్దామనుకోవద్దు. మార్కర్ రంగు కొంచెం పారదర్శకంగా ఉంటే బ్రైట్‌నెస్ పెంచగానే కింది అక్షరాలు బయటపడతాయి. పవర్‌పాయింట్‌లో క్రాప్ చేసిన బొమ్మలో కోసేసిన భాగం ఫైలులోపలే ఉండిపోతుంది. పేరు ఎక్కడెక్కడ ఉంటుందో కూడా చూసుకోండి: ఎక్స్‌రే మూలలో, అల్ట్రాసౌండ్ బొమ్మ పై అంచున, ఈసీజీ కాగితం మీద చేత్తో రాసినచోట, రోగి మణికట్టు బ్యాండు మీద, వెనక కనబడే పక్క మంచం కేస్ షీటు మీద.

కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే సరిపోదు. ముఖమే వద్దు. చేతి మీద పచ్చబొట్టు, ముక్కుపోగు, తాడు, చీర అంచు కూడా మనిషిని పట్టిస్తాయి. మచ్చ ఉన్న నాలుగంగుళాల మేర మాత్రం తీసి, పక్కన స్కేలు పెట్టండి.

బొమ్మ స్పష్టంగా వెళ్లాలని చాలామంది డాక్యుమెంటు రూపంలో పంపుతారు. అలా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. తీసిన తేదీ, సమయం, కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు, అన్నీ దానితోపాటే. ఫొటోగానే పంపండి, హెచ్‌డీ ఎంచుకోండి. కెమెరా లొకేషన్ ఆఫ్ చేసి ఉంచండి.

ఒక కేసు, ఐదు రాత్రులు

శ్రీకాకుళం పిల్లలకు ఉద్దానం కిడ్నీ జబ్బుకన్నా దగ్గరి ఉదాహరణ ఉండదు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దశాబ్దాలుగా ఉన్న సమస్య ఇది. దీనికోసమే పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి మొదలైంది. జనరల్ మెడిసిన్‌లో కిడ్నీ వైఫల్యం పాఠానికి కూర్చిన కేసుతో వారం ఇలా నడపొచ్చు.

సోమవారం: "నలభైల్లో ఉన్న మనిషి, తోట పని. రెండు నెలలుగా నీరసం, తిండి సయించడం లేదు. షుగరు లేదు. కాళ్లు వాయలేదు. బీపీ 130/80." కింద ఒకటే ప్రశ్న: మీరు అడిగే మూడు ప్రశ్నలేవి? మూడే అనాలి. పరిమితి పెట్టకపోతే పుస్తకంలోని హిస్టరీ మొత్తం టైపు చేసేస్తారు. నొప్పి మాత్రలు వాడారా, మూత్రంలో మార్పు ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా కిడ్నీ జబ్బుందా అనే మూడూ ఎవరైనా ఒక్కరి జవాబులో కలిసి వస్తే ఆ జవాబుకే రిప్లై కొట్టి చర్చ నడపండి.

మంగళవారం అంకెలు: క్రియాటినిన్ 4.2, హిమోగ్లోబిన్ 8.4, మూత్రంలో అల్బుమిన్ ట్రేస్ మాత్రమే, అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు 7.8, 8 సెంటీమీటర్లు. ప్రశ్న: ఇది ఇప్పుడు వచ్చిందా, పాతదా? ఏ అంకె చెప్పింది? ఎక్కువమంది క్రియాటినిన్ పట్టుకుంటారు. ఒక్క క్రియాటినిన్‌తో తేలదని, కుచించుకుపోయిన కిడ్నీలు, పాత రిపోర్టు, మూడు నెలల గడువు చూడాలని రాబట్టండి. మధుమేహం, అమైలాయిడోసిస్, పాలిసిస్టిక్ కిడ్నీలలో జబ్బు పాతదైనా కిడ్నీ సైజు తగ్గకపోవచ్చన్న మినహాయింపు మీరే చెప్పండి, పిల్లలకది తట్టదు. ఈజీఎఫ్‌ఆర్ వాళ్ల చేత లెక్క కట్టించండి. సుమారు 17 వస్తుంది, అంటే నాలుగో దశ. 40 అన్నవాళ్లను ఏ సూత్రం, ఏ యాప్ వాడారో అడగండి.

బుధవారం: షుగరు లేదు, బీపీ మామూలే, అల్బుమిన్ పోవడం లేదు. జబ్బు గ్లోమెరులస్‌లోనా, ట్యూబ్యూల్స్ చుట్టూనా? ఈ చర్చ చివర్లో ఎవరో ఒకరు "ఉద్దానానికి కారణం నీళ్లలో సిలికా" అనో, పురుగుమందులనో తేల్చేస్తారు. తేల్చనివ్వకండి. ఏ ఒక్క కారణమూ ఇప్పటికీ రుజువు కాలేదు. అనుమానానికీ రుజువుకూ తేడా నేర్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు, ఆ రాత్రి మిగతా పాఠం వెనకబడినా నష్టం లేదు.

గురువారం: అదే రోగి, నాలుగు నెలల తర్వాత. పొటాషియం 6.9, ఈసీజీలో పొడుగాటి సూదిమొన టీ అలలు. మొదట ఏ మందు? సగం మంది ఇన్సులిన్ అంటారు. కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం ద్రావణం 10 మి.లీ. మానిటర్ చూస్తూ నెమ్మదిగా ఎందుకు ముందివ్వాలో, అది పొటాషియంను తగ్గించదని, గుండె కండరాన్ని కాపాడుతుందని, దాని పని అరగంట నుంచి గంటే ఉంటుందని వాళ్ల చేతే చెప్పించండి. తర్వాత రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, 25 గ్రాముల గ్లూకోజుతో. కిడ్నీ చెడినవాళ్లలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది, అందుకే ఆరు గంటల పాటు షుగరు చూస్తూ ఉండాలి. ఈ ఆఖరి మాట పరీక్షలో రాకపోయినా డ్యూటీలో పనికొస్తుంది.

శుక్రవారం రాత కాదు, వాయిస్ మెసేజీ. రోగి కొడుక్కి డయాలసిస్ గురించి 90 సెకన్లలో చెప్పాలి. రాయలసీమ నుంచో, వేరే రాష్ట్రం నుంచో వచ్చిన పిల్లలకు ఇది కష్టంగా ఉంటుంది కాబట్టి ముందుగా స్థానికుడైన ఒక విద్యార్థి చేత శ్రీకాకుళం మాటతీరులో రోగిలా మాట్లాడించి, ఆ క్లిప్ వినిపించండి. అసలు రోగి గొంతు రికార్డు చేయకూడదు. గొంతు కూడా గుర్తింపే. దిద్దేటప్పుడు రెండే చూడండి: ఎన్ని ఇంగ్లిషు మాటలు దొర్లాయి, నొప్పి మాత్రలు మానమని చెప్పారా లేదా.

వచ్చే శుక్రవారం ఇదే కేసు మీద రెండు క్విజ్ ప్రశ్నలు, నెల తర్వాత ఇంకో రెండు. నోట్సు మళ్లీ పంపకండి. చదివింది మళ్లీ చదివితే తెలిసినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూసి గుర్తుచేసుకుంటేనే నిలుస్తుంది.

క్విజ్ ప్రశ్న రాయడం

"వైపర్ కాటు గురించి సరైనది ఏది?" అని అడగొద్దు. ఇలా రాయండి: "నాట్లు వేస్తుండగా పాము కాటు. కాలు వాచింది, చిగుళ్ల నుంచి రక్తం. 20 నిమిషాల తర్వాత గాజు గొట్టంలో రక్తం గడ్డకట్టలేదు. వెంటనే చేయాల్సింది?" నాలుగు జవాబులు: యాంటీ స్నేక్ వీనమ్ 10 వయల్స్, ప్లాస్మా, నియోస్టిగ్మిన్, ఆరు గంటలాగి మళ్లీ పరీక్ష. తప్పు జవాబు ఒక్కొక్కటీ ఒక్కో అపోహను పట్టిస్తుంది. ప్లాస్మా నొక్కినవాళ్లకు విషాన్ని ముందు విరిచేయాలని తెలియదు. నియోస్టిగ్మిన్ నొక్కినవాళ్లు నరాల విషంతో కలగలిపారు. ఆరు గంటలు నొక్కినవాళ్లు మందిచ్చాక చేసే పరీక్ష గడువును మందుకు ముందుకు తెచ్చారు. వెనకే ఒక కొసరు ప్రశ్న: గొట్టం ప్లాస్టిక్‌దైతే? ప్లాస్టిక్‌లో రక్తం త్వరగా గడ్డకట్టదు, విషం లేకపోయినా ఉన్నట్టు కనబడుతుంది. డిటర్జెంట్‌తో కడిగిన గాజు గొట్టంతోనూ అదే తంటా.

టెలిగ్రామ్ క్విజ్‌లో ప్రశ్నకు 255 అక్షరాలు, వివరణకు 200 అక్షరాలే పడతాయి. తెలుగులో రాస్తే గుణింతాలు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి, రెండు వాక్యాలకే జాగా అయిపోతుంది. కేసు వివరం పై మెసేజీలో పెట్టి, పోల్‌లో ప్రశ్న ఒక్కటే ఉంచండి. యూనివర్సిటీ పరీక్ష ఇంగ్లిషులోనే ఉంటుంది గనుక కేసునూ జవాబులనూ ఇంగ్లిషులో రాసి, ఎందుకో తెలుగులో వివరించడం మంచి పద్ధతి.

చర్చ తప్పుదారి పట్టే చోట్లు

ప్రతి గ్రూపులోనూ ముగ్గురు టాపర్లు రెండు నిమిషాల్లో జవాబు కొట్టేస్తారు, అక్కడితో చర్చ చచ్చిపోతుంది. దీనికి విరుగుడు: ఈ రాత్రి ఫలానా ముగ్గురు రోల్ నంబర్లవాళ్లే ముందు రాయాలి, మిగతావాళ్లు 20 నిమిషాల తర్వాత. రాయకుండా చదివేవాళ్లను తిట్టకండి. వాళ్లూ నేర్చుకుంటారు, వాళ్ల వంతు వచ్చినప్పుడు రాస్తారు.

తప్పు జవాబుకు "తప్పు" అని రాయకండి. "ఏ అంకె చూసి అలా అనుకున్నావు?" అనండి. అయితే మందు డోసు తప్పు రాస్తే మర్యాద పక్కన పెట్టాలి. కింద సవరణ రాస్తే చాలదు, పైదాన్ని ఎవరో స్క్రీన్‌షాట్ తీసి డ్యూటీకి పట్టుకుపోతారు. వాట్సాప్‌లో 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయించండి, దాటిపోతే అడ్మిన్ డిలీట్ చేసి సరైనది వేయాలి. డోసు రాసే ప్రతివారూ ఏ పుస్తకం, ఎన్నో ఎడిషన్, లేదా ఏ జాతీయ మార్గదర్శకమో పక్కన రాయాలన్న నియమం పెట్టండి. ఫార్వర్డులు తగ్గాలంటే ఇదొక్కటి చాలు.

రాత్రి 9:15కి ముగింపు మెసేజీ మీదే, ఐదు లైన్లు మించకుండా. అది లేకుండా వదిలేసిన చర్చలో ఆఖరున ఎవరేం రాస్తే అదే సరైన జవాబనుకుంటారు.

"మా మావయ్య రిపోర్టు, కొంచెం చూడండి సార్" అని ఫొటోలు వస్తాయి. ఒక్కదానికి జవాబిస్తే గ్రూపు ఓపీ అయిపోతుంది. ఫోన్లో వైద్య సలహా ఇవ్వడానికి 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టరే ఉండాలి, రోగి వివరాలు నమోదు కావాలి. తీసేసి, ఓపీకి తీసుకురమ్మనండి. డిసెక్షన్ హాల్లో, ఆపరేషన్ థియేటర్లో సెల్ఫీలు ఏ గ్రూపులోనూ, ఏ స్టేటస్‌లోనూ ఉండకూడదని మొదటి రోజే చెప్పండి.

వీడియోలు, సిగ్నల్

ప్రొసీజర్ వీడియో శిక్షణకు వాడే మనిషి బొమ్మ (మానికిన్) మీదే తీయండి, వార్డులో వద్దు. మూడు నిమిషాలు, ఫోన్ అడ్డంగా, కాలర్ మైకుతో. ఐవీ క్యాన్యులా పెట్టడమైతే చేతులే కనబడాలి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టినా లింకు ఉన్న ఎవరైనా చూడగలరని గుర్తుంచుకోండి.

విద్యార్థులు పల్లె కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ల ఆరోగ్యం చూసే కార్యక్రమంలో పల్లెలకు వెళ్లిన రోజుల్లోనూ, ఏజెన్సీ పోస్టింగుల్లోనూ సిగ్నల్ దొరకదు. బొమ్మ 500 కేబీ మించకుండా, వీడియో బదులు రెండు బొమ్మలు, నాలుగు లైన్లతో సరిపెట్టండి. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, సెల్ టవర్లు పడిపోయాయి. ఆ నెలల్లో గ్రూపు ద్వారా గడువు పెట్టే పని ఏదీ ఉంచకండి.

ఫొటో బయటకు పోతే

పంపినవారు రెండు రోజులు దాటకముందు అందరికీ డిలీట్ చేయగలరు, అడ్మినూ తీసేయగలరు. తీసేముందు ఏ ఫొటో, ఎవరు, ఎప్పుడు పెట్టారో కాగితం మీద రాసుకోండి. ఆ ఫొటోనే మళ్లీ స్క్రీన్‌షాట్ తీయకండి. అదే రోజు విభాగాధిపతికి రాతపూర్వకంగా చెప్పండి. రోగికి కూడా చెప్పాలి. బయటివాళ్ల నుంచి తెలుసుకోవడం కన్నా మీ నోట వినడం నయం. గ్రూపులో అందరి ముందూ విద్యార్థిని నిలదీయకండి. అలా చేస్తే రెండోసారి జరిగినప్పుడు ఎవరూ మీకు చెప్పరు.

పోస్టింగు అయ్యాక

గ్రూపును అలాగే వదిలేస్తే ఆర్నెల్లలో పుట్టినరోజు కేకులతో నిండిపోతుంది. ఆఖరి వారంలో ప్రశ్నలు, ముగింపు మెసేజీలు బొమ్మలు లేకుండా ఒక గూగుల్ డాక్యుమెంటులోకి ఎక్కించండి. ఈ పని ఇద్దరు విద్యార్థులకు అప్పగించొచ్చు, డోసులు మాత్రం మీరే సరిచూడండి. ఏ ప్రశ్నకు ఎక్కువమంది తప్పు నొక్కారో పక్కన రాసి పెట్టుకుంటే వచ్చే బ్యాచ్‌కు రౌండ్స్‌లో దేని దగ్గర ఆగాలో తెలుస్తుంది. అసలు రోగుల ఫొటోలు ఉంటే అడ్మిన్లు ఒక్కొక్కటీ తొలగించాలి, అడ్మిన్ల ఫోన్లలోని ట్రాష్ ఫోల్డర్లతో సహా. నెల తర్వాతి క్విజ్ అయ్యేదాకా గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి ఉంచండి. ఆ క్విజ్ అయ్యాక సభ్యులందరినీ తీసేసి, చివరగా మీరు బయటకు వచ్చి డిలీట్ చేయండి. కొత్త బ్యాచ్‌కు పాత గ్రూపులో పేర్లు మార్చి వాడుకోకుండా, మొదటి సెట్టింగు నుంచి మళ్లీ కట్టండి.